నత్తగుల్లల పళ్ళెం

నేను పెద్ద సదువు సదువుకున్నదాన్ని కాదు. ఏడో తరగతిల బడి ఇడిశిపెట్టిన. కని రంగు గురించి, ఎలుతురు గురించి ఎవలన్న నాతోని వాదానికి దిగితె ఓడగొట్టి పంపుత. ఈ ఒక్క పొగరు నాకు మొదటి సంది ఉన్నది. ఆ పొగరే మా బాపు కొంప ముంచింది. తప్పు ఎవల మీదనో తోసి ముచ్చట చెప్పుడు నాకు చేతగాదు, అందుకే ముందుగాల్నే చెప్తాన.

మాది వరంగల్ కొత్తవాడ. జంపఖానలు నేసేటోళ్ళం. నేను చెప్పేది ఎనభైలు మొదలైనప్పటి ముచ్చట. కిరాయి ఇల్లు, ఒకటే అర్ర. సగం అర్ర మగ్గానికే పాయె. మా మగ్గాలకు కింద గుంత ఉంటది, మనిషి అంచు మీద కూసోని, కాళ్ళు గుంతల పెట్టి, అడుగున తొక్కుడు చెక్కలు తొక్కుకుంట నేస్తడు. మిగిలిన సగంల పొయ్యి, బియ్యం డబ్బ, అవ్వ, బాపు, నేను. కిటికి లేదు. గల్మల నుంచి వచ్చిందే ఎలుతురు. ఎవలన్న వచ్చి గల్మల నిలవడితె అదీ పాయె. "ఎవలది? జర పక్కకు జరుగుండ్రి, దారం కనవడ్తలేదు" అని బాపు దినాం యాభై సార్లు అనేటోడు. పెండ్లి పిలుపుకు బొట్టు పెట్టొచ్చినోళ్ళను గూడ గట్లనే అన్నడు, వాళ్ళు అలిగి పోయిండ్రు.

అప్పటికి నాకు ఇరవై రెండేండ్లు. నన్ను చేసుకున్నోడు పవర్లూముల పనికని బొంబాయి దిక్కు భీవండి పోయిండు, ఆడ్నే ఇంకోదాన్ని పెట్టుకున్నడు. మూడేండ్లు జూసి నేను బాపు ఇంటికి వచ్చిన. వాడకట్టుల ఆడోళ్ళు నన్ను జూసి "అయ్యో పాపం" అనేటోళ్ళు. ఆ అయ్యో పాపం ఇనుడు కంటె చెంప మీద కొట్టించుకునుడు నయం. దారానికి రంగులద్దుడు నా పని. కాగులల్ల నూలు ముంచి తీసుడు, ఆరేసుడు, కండెలు చుట్టుడు. చేతులు మోచేతుల దాక ఎప్పుడూ ఎర్రగనో నీలంగనో ఉండేవి.

బాపుకు కండ్లు మసకబట్టుడు షురువైంది. నల్ల దారం, నీలం దారం ఒక్కటే తీరు కనవడ్తానయ్ అన్నడు. దవాఖానకు తీస్కపోతె డాక్టరు లైటు పెట్టి చూసిండు. "పెద్దమనిషీ, కరెంటు బుగ్గ కింద పని మానెయ్. పగటి ఎలుతుర్ల చేసుకో. లేకుంటె ఇంకో నాలుగైదేండ్లల్ల మొత్తానికే పోతయ్" అన్నడు. ఇంటికొచ్చినంక బాపు గల్మల కూసోని అన్నడు: "సొంత జాగ ఒక్కటి దొరికితె సాలు బిడ్డా. గీ అర్రంత దొరికినా సాలు. ఉత్తరం దిక్కు కిటికి పెట్టుకోని, దాని పక్కపొంటి మగ్గం ఏస్కుంట."

ఉత్తరమే ఎందుకంటె, అది నేతపనోళ్ళకు ఎరుకున్న ముచ్చట. తూర్పు ఎలుతురు పొద్దుగాల కండ్లల్ల పొడుస్తది. పడమటి ఎలుతురు పొద్దుమూకి మంటలేపుతది, రంగును అబద్ధం చేస్తది. ఉత్తరం నుంచి వచ్చేది పొద్దంత ఒక్కతీరుగ ఉంటది. దాని కింద ఎరుపు ఎరుపే, నీలం నీలమే. ఇగ ఆనాటి సంది మా ఇంట్ల ఏ ముచ్చటైనా తిరిగి తిరిగి ఆ కిటికి కాడికే వచ్చేది.

గప్పుడే హన్మకొండ పోయే తొవ్వల ప్లాట్ల దుకాణం పెట్టిండ్రు. ఊరవతల రైలుకట్ట దాటినంక బీడు భూమిని ముక్కలు ముక్కలు జేసి, రాళ్ళు పాతి అమ్ముతాండ్రు. దుకాణం నడిపించేటాయిన్ని అందరం సారు అనేది. కింద పరవడానికి జంపఖానా గావాల్నని మాకు కబురు వెట్టిండు. బాపు, నేను నాలుగు రకాలు నెత్తిన పెట్టుకోని పోయినం.

అంతకుముందు అది పల్లీల గోదాం. గోడలకు చిలుకపచ్చ ఆయిల్ పెయింటు ఏసిండ్రు. గోడకో క్యాలెండరు, క్యాలెండరుకో దేవుడు. పగటీలి గూడ రెండు ట్యూబులైట్లు గీ అని మోగుతానయ్. ఇనుప కుర్చీలు. నిమ్మలంగ ఊపిరి తీస్కునే జాగ లేదు. సారు మా జంపఖానలు ఇప్పి చూస్తాండు, ఎర్రది బాగుందా నీలిది బాగుందా అని బాపును అడుగుతాండు. నాకు ఊకుండ బుద్ధి గాలే.

"ఏదేసినా దండుగే సారూ. గీ అర్రల రెండు నిమిషాలు కూసున్నందుకు నాకే తలకాయ నొస్తాంది" అన్న.

బాపు నా దిక్కు గుడ్లురిమి చూసిండు. సారు మాత్రం కోపానికి రాలే. "నిజమేనమ్మా. వచ్చినోళ్ళు వచ్చినట్టే పోతాండ్రు. అందరిది ఆఫీసు, నాది షోరూం గావాలె. లోపటికి రాంగనె మనిషి మనసు సల్లవడాలె. ఏం చేద్దామో చెప్పు" అన్నడు.

నా బతుకుల నన్ను ఏం చేద్దామని అడిగిన మొదటి మనిషి ఆయినె. భీవండోడు ఎన్నడు అడగలే. ఇప్పటికీ ఆ మాట యాదికొస్తె పానం సంబరపడ్తది, ఎంటనే సిగ్గయితది.

నెలరోజులు నేనే దగ్గరుండి చేయించిన. పెయింటు మొత్తం గీకిచ్చి సున్నం ఏయించిన. సున్నంల తుమ్మబంక కలిపిచ్చిన, లేకుంటె ఆనుకున్నోళ్ళ అంగీలకు అంటుతది. చిటికెడు నీలిమందు గూడ ఏసిన, ఉత్త తెలుపు కండ్లకు గుచ్చుతదని. గోదాముకు ఉత్తరం దిక్కు ఒకప్పుడు పెద్ద కిటికి ఉండె, పల్లీలు దొంగలు ఎత్తుకపోతరని ఇటుకలు పెట్టి మూసిండ్రు. ఆ ఇటుకలు తీసిన దినం అర్రలకు ఎలుతురు వచ్చి కూసున్నది, సుట్టం వచ్చినట్టే. మేస్త్రి గూడ తాపీ కింద వెట్టి చూసిండు. కాశిబుగ్గల నేసిన పల్చటి కోరా బట్ట తెచ్చి కర్టెన్లు కట్టిన. క్యాలెండర్లు తీసేయించిన. "అందరు దేవుళ్ళు ఒక్కపారి చూస్తాంటె మనిషికి భయమైతది సారూ" అంటె నవ్విండు.

జంపఖానా నేను, బాపు కలిసి నేసినం. ఎరుపు లేదు, నీలం లేదు. రంగెయ్యని నూలు, అంచుకు మాత్రం కరక్కాయ, దానిమ్మ తొక్క ఉడకబెట్టి తీసిన లేత రంగు. అంత వెడల్పు మా మగ్గం మీద రాదు, రెండు బద్దలు నేసి నడుమ కుట్టినం. కుట్టు ఏడ ఉన్నదో ఇప్పుడు నేను పోయి ఎతికినా దొరకది. అంత మంచిగ కుట్టిండు బాపు.

కుర్చీలు తీయించింది గూడ నేనే. ఊర్లనుంచి వచ్చేటోళ్ళు కుర్చీ అంచుకు కూసుంటరు, ఎప్పుడు లేచిపోదామా అన్నట్టు. జంపఖానా మీదైతె చెప్పులు ఇడిశి, బాసింపట్టేసి సాపుగ కూసుంటరు. చెప్పులిడిశినోడు గబుక్కున లేవడు. ఒక మూలకు రంజను పెట్టి, వచ్చినోళ్ళకు ముందుగాల సల్లటి నీళ్ళు ఇయ్యుండ్రి, తర్వాతనే నక్ష చూపియ్యుండ్రి అన్న. ప్లాట్ల నక్షను కూసున్నోళ్ళ కండ్లకు సమానంగ కిందికి దించి పెట్టించిన. పెద్ద గొంతోళ్ళు గూడ ఆ అర్రల మెల్లగ మాట్లాడేటోళ్ళు. ఎందుకో వాళ్ళకే తెల్వది. నాకు తెలుసు.

సారు నన్ను ఆడ్నే పనికి పెట్టుకున్నడు. పొద్దుగాల పోయి ఊడ్చి, కిటికి తీసి, నీళ్ళు నింపి, వచ్చినోళ్ళను కూసోవెట్టుడు నా పని. వచ్చినోళ్ళు నన్ను మేడం అనేటోళ్ళు. కొత్తవాడల అయ్యో పాపం, ఈడ మేడం. నేను రెండు చీరెలు కొన్న, రెండూ తెల్లంచుయే.

మల్లొకనాడు సారు మమ్ముల ప్లాట్లు చూపిస్తనని తీస్కపోయిండు. ఎండకాలం. భూమి నెర్రెలు వాసి ఉన్నది, ఒక్క చెట్టు లేదు. బాపు నడుమ నిలవడి, చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకోని నాలుగు దిక్కుల తిరిగి చూసిండు, పైకే చూసిండు. "గింత ఎలుతురు! గిది ఉత్తరం. గీడ కిటికి. గీడ మగ్గం" అని కాలుతోని గీతలు గీసిండు. నేనైతె కిందికి చూసిన. నెర్రెల పొంటి తెల్లటి గుల్లలు. చిన్నయి, సుట్టలు తిరిగి ఉన్నయి, ఎండకు ఎండి పాలలెక్క తెల్లగైనయి. ఎంత ముద్దుగున్నయో! కొంగు నిండ ఏరుకున్న. తెల్లారి రాగి పళ్ళెంల పోసి, షోరూంల నడుమ పీట మీద కిటికి ఎలుతురు పడేకాడ పెట్టిన. సారు చూసి, "శభాష్, మన ప్లాట్లయే మన షోరూంల" అన్నడు.

చెప్పిన గదా, మేం నేతపనోళ్ళం. పుట్టంగనే మగ్గం గుంతల కాళ్ళు పెట్టినోళ్ళం. తానును అంచు పట్టి చూసి ఎన్ని దారాలో చెప్తం, కని మన్ను పట్టి ఏం మన్నో చెప్పరాదు.

బాపు ప్లాటు కొన్నడు. నేనే కొనిపిచ్చిన అంటె సరిగ్గుంటది. "ఆత్రగానికి బుద్ధి మట్టు అంటరు, జర ఆగుదాం" అని అవ్వ అన్నది. "ఆగితె బాపు కండ్లు ఆగుతయా?" అని నేను అవ్వ మీద లేసిన. అవ్వ వెండి కడియాలు, కూడవెట్టినయి, జంపఖానాకు రావాల్సినయి అన్ని ఒక్కదగ్గర జేసి జాగ రాయించుకున్నం. మమ్ముల చూసి మా వాడకట్టులోళ్ళు ఇంకో తొమ్మిదిండ్లోళ్ళు కొన్నరు. ముందుగాల షోరూం చూసేటందుకు వచ్చేటోళ్ళు, మా పిల్ల చేసిందట అని. చెప్పులిడిశి కూసునేటోళ్ళు. నీళ్ళు తాగేటోళ్ళు. ఇగ ఏలుముద్ర ఏసేటోళ్ళు.

బునాది రాళ్ళు మోకాలెత్తు లేచినయి. గప్పుడు వచ్చింది ఆ ముసలవ్వ.

ఏదో ఊరి నుంచి కొడుకుతోని వచ్చింది. వ్యవసాయపోళ్ళు. కొడుకు నక్ష చూస్తాండు, సారు చెప్తాండు. ముసలవ్వ నీళ్ళు తాగి, పళ్ళెంల చెయ్యి పెట్టింది. ఒక గుల్ల తీసి గోరుతోని గీకింది, ముక్కు కాడ పెట్టుకున్నది.

"గివి యాడియి బిడ్డా?"

"మన ప్లాట్ల జాగలయే అవ్వా. మంచిగున్నయి గదా."

ముసలవ్వ నన్ను చూసింది, సారును చూసింది. "నీళ్ళు నిలవని చెల్కల నత్తగుల్లలు ఎట్లుంటయ్ బిడ్డా? ఏండ్లకు ఏండ్లు నీళ్ళు నిలిచినకాడనే గిన్ని ఉంటయ్. మీరు చెరువును అమ్ముతాండ్రా ఏంది?"

కొడుకు సిగ్గుపడ్డడు. "ఊకో అవ్వా, సదువుకున్నోళ్ళు చెప్తాంటె నడుమ నీదేంది?" అన్నడు. ముసలవ్వ ఇనలే. లేచింది, చెప్పులు తొడుక్కున్నది. "నువ్వు రాకుంటె నేను నడుసుకుంట పోత బస్టాండుకు" అన్నది. కొడుకు గొణుక్కుంట ఎనుక పోయిండు. ముసలవ్వ గల్మల దాక పోయి మల్ల తిరిగొచ్చింది. నా చెయ్యి పట్టి ఆ గుల్లను నా అరచేతుల పెట్టింది.

"నువ్వు తెల్వక పెట్టినవ్. తెల్వనోనికి పాపం లేదు. ఇగ తెలిసింది గద" అన్నది.

వాళ్ళు పోయినంక సారును అడిగిన. ఆయినె నక్ష చుట్టుకుంట అన్నడు: "పాత చెరువేనమ్మా. కట్ట తెగి ఎన్నేండ్లాయె! ఇగ నీళ్ళేడియి, నిప్పులేడియి? నువ్వేం ఫికర్ చెయ్యకు." అంటె ఆయినెకు ముందుగాల్నే ఎరుక. నేను అడిగితెనే చెప్పిండు, అదీ నవ్వుకుంట.

ఆ ఘడియల నేను సక్కగ ఇంటికి ఉరికి పోవాలె. బాపూ, ఆపు, ఇది చెరువు శికమట, నీళ్ళు నిలిచే జాగట, ఇంకో రాయి ఎయ్యకు అనాలె. తొమ్మిదిండ్ల తలుపులు కొట్టాలె. నేను ఏం చేసిన్నంటె, పళ్ళెం తీసుకపోయి తలుపుల బీరువల అడుగు అరల పెట్టి తాళం ఏసిన. పీట మీద ఉత్త జాగ మంచిగ కనవడలేదని ఒక ఇత్తడి చెంబు పెట్టిన. గంట సేపటికి మా వాడకట్టుల నుంచే ఇద్దరు వచ్చిండ్రు. వాళ్ళకు నీళ్ళిచ్చి కూసోవెట్టిన.

ఎందుకట్ల చేసినవంటె నాకు నేను వంద తీర్ల చెప్పుకున్న. కట్ట తెగింది గదా అనుకున్న. సారు అబద్ధమాడడు అనుకున్న. బునాది దాక వచ్చినంక ఇగ ఎట్ల చెప్తం అనుకున్న. అన్ని ఉత్తయే. ఆ అర్ర నాది. మొగడు ఇడిశిపెట్టినంక నాదని చెప్పుకునేటందుకు దొరికింది అదొక్కటే. ఆ మాట బయటవెడితె అర్ర పోతది, మేడం పోతది, మల్ల రంగుల కాగులే గతి. అందుకే నోరు మూసుకున్న. తెలిసే మూసుకున్న.

ఇల్లు లేచింది. ఒకటే అర్ర, పైన రేకులు, ఉత్తరం గోడకు బాపు కొలిచి పెట్టించిన కిటికి. మా ఇంట్ల ఆనవాయితి ఏందంటె, కొత్తింట్ల పొయ్యి కంటె ముందు మగ్గం గుంత తవ్వాలె. పసుపు, కుంకుమ, ఒక కొబ్బరికాయ. బాపు తనే గడ్డపార పట్టిండు. నడుమంత లోతు పోంగనె మన్ను నల్లగ, చెమ్మగ వచ్చింది. నేను రెండడుగులు ఎనుకకు జరిగిన. బాపు మాత్రం ఆ మన్ను పిసికి పిసికి సంబరపడ్డడు.

"చూసినవా! గుంతల చెమ్మ ఉంటె దారం తెగది. కొత్తవాడల దినాం నీళ్ళు సల్లుకునుడే. ఈడ భూదేవే సల్లుతాంది" అన్నడు. వచ్చిన నేతగాళ్ళందరు తలకాయలూపిండ్రు. మా గుంతల గూడ చెమ్మనే వచ్చిందని ఒకలకొకలు చెప్పుకున్నరు. ఎవుసం చేసేటోడు ఒక్కడున్నా గడ్డపార కింద పడేసి ఉరికేటోడు. ఒక్కడు లేకపాయె. ఎరుకున్నదాన్ని నేనొక్కదాన్నే, కొబ్బరిచిప్పలు పంచుకుంట నిలవడ్డ.

నెల మీద పది రోజులు బాపు ఆ కిటికి కింద నేసిండు. అబద్ధం చెప్ప, ఆ నలభై రోజులు ఆయినె మొఖం చూసినోళ్ళు కడుపు నింపుకోవచ్చు. నల్లదారం ఏదో నీలందారం ఏదో ఎవల్నీ అడుగలే. "ఇగ గల్మల ఎవలు నిలవడ్డా నాకు ఫికర్ లేదు" అని నవ్వేటోడు. మేం పోంగనె కావాల్నని గల్మల అడ్డం నిలవడమనేటోడు. అవ్వ గూడ నవ్వేది. నేను పొద్దుగాల షోరూంకు పోయేటప్పుడు ఆ మొఖం చూసి, ముసలవ్వ చెప్పింది తప్పేమో అనుకునేది.

ఆ ఏడు వానలు గట్టిగ వచ్చినయి. రెండు దినాలు ముసురు వట్టింది, నేను షోరూంకు పోలే, మూడో దినం పొద్దుగాల దంచికొట్టి ఎలిసింది. నీళ్ళు పై నుంచి వచ్చినయనుకునేరు, కాదు. రేకులు కారలే, గల్మ దాటి లోపటికి చుక్క రాలే. గుంత అడుగు నుంచి ఊరినయి. నేను షోరూంకు తయారైతాన, బాపు నేస్తాండు. "పాదాలు తడుస్తానయ్ ఎందుకో" అన్నడు. అవ్వ చూసి మొత్తుకున్నది. బాపు దిగలే. "ఇంక నాలుగు వరుసలే ఉన్నయి, ఈ తాను కోసినంక చూద్దాం" అనుకుంట తొక్కుతనే ఉన్నడు. పిక్కల దాక వచ్చినయి. మోకాళ్ళకు వచ్చినయి. తొక్కుడు చెక్కలు నీళ్ళల్ల తేలి కాలుకు అందకపాయె. గప్పుడు చెయ్యి ఆపిండు.

బయట చూస్తె పదిండ్ల నడుమ నీళ్ళు. ఎవలింటి ముందట వాళ్ళు నిలవడి మొత్తుకుంటాండ్రు. మూటలు కడ్తాండ్రు, మగ్గాలు ఇప్పుతాండ్రు. మొగులు ఇచ్చుకున్నది. కడిగినట్టున్న ఎలుతురు, ఉత్తరం కిటికిల నుంచి వచ్చి గుంతల నీళ్ళ మీద పడ్డది, నీళ్ళ మీది నుంచి రేకుల మీదికి పోయి ఆడుతాంది. బాపు గుంతల తొడల దాక నీళ్ళల్ల నిలవడి ఉన్నడు. మగ్గం గుంజకు ఏదో అంటుకోని ఉంటె తీసి అరచేతుల పెట్టుకున్నడు. నత్త. పానం ఉన్న నత్త, కొమ్ములు బయటికి పెట్టింది.

దాన్ని చాన సేపు చూసిండు. తర్వాత కిటికి దిక్కు చూసిండు.

"ఎలుతురైతె మంచిగున్నది బిడ్డా" అన్నడు.

బాపు నా మొఖం దిక్కు చూసి నిమ్మలంగ అడిగిండు: "నువ్వు గా షోరూంల గివే పెట్టినవ్ గదా, పళ్ళెంల. తర్వాత తీసేసినవ్. ఎందుకు తీసినవ్? నీకేమన్న ఎరుకనా?"

"నాకేం ఎరుక బాపూ. దుమ్ము పడ్తాందని తీసిన" అన్న.

బాపు నత్తను మెల్లగ నీళ్ళల్ల ఇడిశి, చెయ్యి కడుక్కోని, తాను కోసుడు మొదలువెట్టిండు.

షోరూంకు అందరం కలిసి పోయినం, మోకాళ్ళ దాక బురదతోని. తాళం ఉన్నది. సారు రెండు దినాల కిందనే పోయిండని పక్క చాయ్ హోటలోడు చెప్పిండు. మొగోళ్ళు తలుపు తన్నిండ్రు, తిట్టిండ్రు, రాళ్ళు పట్టుకున్నరు. కిటికిల నుంచి లోపటికి చూస్తె అర్ర ఎట్లున్నది అట్లనే ఉన్నది. తెల్ల గోడలు, కోరా బట్ట, మేం నేసిన జంపఖానా, దాని మీద ఎలుతురు. చూసుకుంట చూసుకుంట వాళ్ళ గొంతులు గూడ తగ్గినయి, నేను చేసిన అర్ర గదా. రాళ్ళు కింద పడేసిండ్రు. నాకు వరుసకు పెద్దమ్మ, కొడుకు పెండ్లికి దాచినయి మొత్తం పెట్టి జాగ కొన్న మనిషి, నా పక్కపొంటి నిలవడి అన్నది: "మేం భూమిని చూసి కొనలే బిడ్డా. నీ అర్రను చూసి కొన్నం." తిట్టినట్టు అనలే. ఉన్నది ఉన్నట్టు అన్నది. తిడితె బతికేదాన్ని.

కొత్తవాడల పాత అర్రకే మల్ల వచ్చినం. ఇంకొకలు దిగుతరేమోనని మగ్గం గుంతను మేం మన్నుతోని పూడ్చి పోయినం, బాపు దాన్నే మల్ల తవ్వుకున్నడు. బుగ్గ కింద నేసిండు. డాక్టరు నాలుగైదేండ్లన్నడు, మూడేండ్లకే పోయినయి. ఆ తర్వాత దారం చేతికిచ్చి నేను రంగు చెప్పాలె, ఆయినె నెయ్యాలె. నలుపు బాపూ. నీలం బాపూ. ఎన్నడన్న నేను పరాకుల తప్పు చెప్తె గూడ అట్లనే నేసేటోడు. నా మాట అంటె అంత నమ్మకం.

కొత్తవాడల నన్ను పల్లెత్తు మాట అననోళ్ళు లేరు. సారుతోని కలిసి మోసం చేసిందని, కమీషన్ తిన్నదని, ఇంకా నోటికొచ్చినయి. ఒకనాడు పొద్దుమూకి, నీళ్ళల్ల ఇల్లు పోయినోడొకడు తాగొచ్చి మా గల్మల నిలవడి ఒర్రిండు. "నీ బిడ్డకు అన్ని ఎరుకనే. ఎరుకుండే మమ్ముల ముంచింది. నిన్ను గూడ ముంచింది. నువ్వు కండ్లు లేనోనివి, నీకేం కనవడ్తది?"

బాపు మగ్గం ఆపిండు. కనవడని కండ్లు గల్మ దిక్కు తిప్పిండు. నా మీద ఎవలేమన్నా దినాం అనే మాటనే మల్ల అన్నడు, కోపం లేకుంట, లెక్క చెప్పినంత సాపుగ.

"నా బిడ్డకు ఎరుకుంటె నాకు చెప్పకుంటదారా? నన్ను గా గుంతల దిగనిస్తదా? జర పక్కకు జరుగు, నా బిడ్డకు దారం కనవడది."

నేను లోపట్నే ఉన్న. కండెలు చుడ్తాన. ఆ మాట ఇన్న. చెయ్యి ఆపలే.